పాత పికప్ పెట్రోల్ ట్యాంకు: దించే ముందు మూత తీసి వినండి

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పాత పెట్రోల్ పికప్, కార్బొరేటర్ బండి, ఇనుప ట్యాంకు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. ఇరవై, ముప్పై నిమిషాలు చక్కగా నడిచి, ఎత్తు ఎక్కుతున్నప్పుడో స్పీడ్ అందుకుంటున్నప్పుడో జర్కులు కొట్టి ఆగిపోతుంది. పక్కకు తీసి పది నిమిషాలు ఆగితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఫిల్టర్ రెండుసార్లు మార్చారు, పంపు కొత్తది వేశారు. పెట్రోల్ గేజీ ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే కూర్చుంటోంది. ట్యాంకు నిండా కొట్టించిన రోజు మాత్రం పెట్రోల్ వాసన వస్తోంది. ట్యాంకు దించి వెల్డింగ్ చేయించమని ఒకరు చెప్పారు, చేయించాలా, కొత్తదే వేయాలా అని అడిగారు.

ముందు వెల్డింగ్ సంగతి. వద్దు. ఎందుకు వద్దో కింద చెబుతాను. రెండోది, ట్యాంకు ఇప్పుడే దించకండి. మీరు చెప్పినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. ఆగిపోవడం ఒకటి, గేజీ ఒకటి, వాసన ఒకటి. మూడూ ట్యాంకులోనే ఉండొచ్చు, ట్యాంకు దించకుండానే మూడింటికీ పరీక్షలు ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా పాత బండ్ల కింద పడుకుంటున్నవాడిగా చెబుతున్నాను, ఈ జాతి సమస్యల్లో జనం మొదట మార్చేది పంపు, చివర చూసేది ట్యాంకు మూత. నేను కూడా మొదట్లో అదే చేశాను. సొంత బండికి రెండు పంపులు మార్చి, మూడోది కొనబోతూ ఆగాను. తప్పు మూతలో ఉంది.

మూత గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంజిన్ తాగిన పెట్రోల్ స్థానంలోకి గాలి రావాలి. ఆ గాలి మూతలోని చిన్న వాల్వ్ గుండానో, ట్యాంకు పైనుంచి వెళ్ళే సన్నటి వెంట్ పైపు గుండానో వస్తుంది. ఆ దారి దుమ్ముతోనో తుప్పుతోనో మూసుకుపోతే ట్యాంకు లోపల శూన్యం పెరుగుతూ పోతుంది. పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. బండి ఆగిపోతుంది. ఆగి ఉన్న పది నిమిషాల్లో ఏ సందులోంచో గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. మీ బండి లక్షణం అచ్చం ఇదే. పాత మూత పోయి, ఎవరో కొలతకు సరిపోయిందని వెంట్ లేని మూత పెట్టిన బండ్లు కూడా బోలెడు చూశాను. వెంట్ పైపు ఉన్న బండికి ఆ మూత సరిపోతుంది, లేని బండికి ఉరితాడే.

పరీక్ష తేలిక. ఈసారి ఆగిపోగానే, ఇంజిన్ జోలికి పోకుండా నేరుగా వెళ్ళి మూత మెల్లగా తిప్పండి. చెవి దగ్గర పెట్టి వినండి. "స్స్" అని శబ్దం వస్తే అది లోపలికా బయటికా అన్నదే ముఖ్యం. ఎండలో నిలబడిన ట్యాంకులోంచి ఆవిరి బయటికి తన్నడం మామూలే. పల్చటి కాగితం ముక్క మూత అంచు దగ్గర పట్టుకోండి. కాగితం మూత వైపు అతుక్కుంటే గాలి లోపలికి పోతోందన్నమాట, దొంగ దొరికినట్టే. మూత కొత్తది వేసినా అదే జరిగితే వెంట్ పైపు మూసుకుంది. పురుగులు గూడు కట్టడం, చాసిస్ మీద పైపు నలిగిపోవడం, పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా (క్యానిస్టర్) ఉన్న బండ్లలో అది తడిసి గట్టిపడటం, ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది.

మూతలో ఏమీ లేదనుకుందాం. అప్పుడు ఆగినచోటే రెండో పని చేయండి. ఇంజిన్ ఆపి ఉండగా ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకును చేత్తో ఒకసారి లాగండి. సన్నటి పెట్రోల్ ధార పడితే కార్బొరేటర్‌లో పెట్రోల్ ఉన్నట్టే. అప్పుడు మీ సమస్య పెట్రోల్‌ది కాకపోవచ్చు. వేడెక్కాక చచ్చిపోయి, చల్లారాక లేచే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల స్పార్క్‌కు కరెంటు ఇచ్చేది) కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది. ఆ క్షణంలో ప్లగ్గుకు స్పార్క్ ఉందో లేదో చూడకుండా ట్యాంకు దించితే శ్రమంతా వృథా. అయితే స్పార్క్ చూసేటప్పుడు ఎయిర్ క్లీనర్ మూత తిరిగి పెట్టేసి, పెట్రోల్ ఒలికినచోటు తుడిచేసి చూడండి. ధార పడకపోతే మాత్రం పెట్రోల్ అందడం లేదు. అప్పుడే ట్యాంకు వైపు నడవాలి.

ఇక్కడ మీరు తీసేసిన ఫిల్టర్ పనికొస్తుంది, పారేయలేదు కదా? దాన్ని తిరగేసి, పెట్రోల్ వచ్చే వైపు నుంచి తెల్ల గుడ్డ మీద వంచి కొట్టండి. గుడ్డ మీద పడినది చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇటుకపొడిలాంటి ఎర్రటి పొడి అంటే ట్యాంకు లోపలి తుప్పు. మెత్తటి నల్లటి తునకలు అంటే రబ్బరు పైపు లోపలి పొర ఊడి వస్తోంది. తుప్పు కాదు, పైపు మార్చితే పోతుంది. జిగురులా అంటుకునే గోధుమరంగు పదార్థం, వార్నిష్ వాసనతో ఉంటే, పెట్రోల్ నెలల తరబడి నిలవ ఉండి పాడైంది. గుడ్డ మీద పెట్రోల్ ఆరిపోయాక కూడా నీటి బొట్లు మిగిలితే ట్యాంకు అడుగున నీళ్ళు ఉన్నాయి. నీరు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి ఎప్పుడూ అడుగునే కూర్చుంటుంది, పంపు లాగేది అక్కడినుంచే. ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ దాదాపు అర శాతం దాకా నీటిని భరిస్తుంది, అది దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఎక్కువ రోజులు కదలకుండా నిలబెట్టిన పాత బండ్లలో జరిగేది ఇదే.

తుప్పు ట్యాంకు ఎలా ఏడిపిస్తుందో చెప్పాలి, ఎందుకంటే నా అనుమానం మూత తర్వాత దీనిమీదే. ట్యాంకు లోపల పెట్రోల్ లాగే పైపు చివర ఒక చిన్న జాలి సంచి ఉంటుంది. బండి నడుస్తుంటే అడుగున ఉన్న తుప్పు పొట్టు కదిలి ఆ జాలికి అంటుకుంటుంది. నీళ్ళ తొట్టిలో ఎండుటాకులు కన్నానికి అడ్డం పడినట్టు. తక్కువ స్పీడ్‌లో ఎలాగోలా సరిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు సరిపోదు. ఇంజిన్ ఆగగానే లాగడం ఆగుతుంది, పొట్టు జారి కిందపడుతుంది, మళ్ళీ స్టార్ట్. ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేనిది ఇందుకే. అడ్డం ఫిల్టర్ దగ్గర లేదు, దానికంటే ముందే ఉంది.

నిర్ధారణకు నేను చేసేది: ఇంజిన్ బాగా చల్లారాక, పంపు దగ్గర ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, ట్యాంకు మూత తీసి ఉంచి, సైకిల్ పంపుతో ఆ పైపులోకి వెనక్కి మెల్లగా గాలి కొడతాను. ట్యాంకు దగ్గర ఇంకొకరు నిలబడి వినాలి. గాలి కాసేపు బిగపట్టి ఒక్కసారిగా వదిలినట్టు "బుడబుడ" మని వస్తే జాలి మూసుకుని ఉంది, ఇప్పుడు తెరుచుకుంది. ఆ తర్వాత బండి ఒకట్రెండు రోజులు బాగా నడిచి మళ్ళీ మొదలుపెడితే ఇక సందేహం అక్కర్లేదు. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకండి, జాలి చిరిగిపోతుంది, పెట్రోల్ మూతి దగ్గరనుంచి పైకి చిమ్ముతుంది.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే పడవ మోటార్లకు వాడే చిన్న పెట్రోల్ ట్యాంకు ఒకటి వెనక తొట్టిలో కదలకుండా కట్టి, దాని పైపును పంపుకు తగిలించి, ఎప్పుడూ ఆగిపోయే ఆ దారిలోనే నడపండి. ఆగకపోతే పంపు, కార్బొరేటర్, ఇగ్నిషన్ అన్నీ నిర్దోషులే. క్యాబిన్‌లోనో ఇంజిన్ పక్కనో సీసా వేలాడదీసి నడిపే వాళ్ళను చూశాను, ఆ సాహసం వద్దు.

ఇంకొక చిత్రమైన జబ్బు ఉంది. ట్యాంకు లోపలి పెట్రోల్ పైపే మధ్యలో తుప్పుపట్టి చిల్లు పడుతుంది. పెట్రోల్ ఆ చిల్లు కన్నా పైన ఉన్నంతసేపు బండి రాజాలా నడుస్తుంది. కిందికి దిగగానే పంపు పెట్రోల్‌కు బదులు గాలి లాగుతుంది. అందరూ "సగం ట్యాంకు ఉండగా ఎందుకు ఆగుతుంది" అని తల బద్దలు కొట్టుకుంటారు. ట్యాంకు పైనున్న రబ్బరు పైపు పగిలినా ఇదే పని. పంపు ఇంజిన్ దగ్గర ఉన్న బండ్లలో ఆ పైపు లాగే వైపు ఉంటుంది కాబట్టి పెట్రోల్ కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కాబట్టి లీకు లేదు అనుకోకండి.

ఇప్పుడు గేజీ. ఇది త్వరగా తేలిపోతుంది. ట్యాంకులో తేలే బొడిపె, దానికో చేయి, ఆ చేయి కదిలేకొద్దీ మారే రెసిస్టెన్స్, అంతే. ఈ మొత్తాన్నే సెండర్ అంటారు. సెండర్ వైరు విప్పి కీ ఆన్ చేయండి, ముల్లు ఒక చివరకు పోవాలి. అదే వైరును చాసిస్‌కు ఒక్క క్షణం తాకిస్తే రెండో చివరకు పోవాలి. ఏ చివర ఫుల్, ఏ చివర ఖాళీ అన్నది బండిని బట్టి మారుతుంది. పాత షెవర్లే పికప్‌లలో ఖాళీకి 0 ఓమ్‌లు, ఫుల్‌కు 90. పాత ఫోర్డ్‌లలో తలకిందులు, ఖాళీకి 73, ఫుల్‌కు 10. ఇవి తెలియకుండా సెండర్ మారిస్తే ట్యాంకు నిండినప్పుడు ఖాళీ అని చూపించే బండి తయారవుతుంది. వైరు తాకించే చోటు ట్యాంకు దగ్గర కాకుండా వీలైనంత దూరంగా, వైరింగ్ కనెక్టర్ దగ్గర ఉండాలి.

ముల్లు రెండు చివరలకూ పోతే డ్యాష్‌బోర్డులో గేజీ బాగుంది, తప్పు ట్యాంకు వైపు ఉంది. వెంటనే సెండర్ మార్చేయకండి. ముందు ఎర్త్ చూడండి. ట్యాంకుకూ దాన్ని మోసే ఇనుప పట్టీలకూ మధ్య గుడ్డో రబ్బరో ఉంటుంది, దానికి ఎర్త్ ఇచ్చేది సన్నటి వైరు ఒక్కటే, తుప్పు తినేది మొదట దాన్నే. కీ ఆఫ్‌లో ఉండగా సెండర్ అంచు నుంచి శుభ్రంగా గీకిన చాసిస్ మీదికి ఒక వైరు వేసి, తర్వాత కీ ఆన్ చేస్తే ముల్లు కదిలిందా, అయిపోయింది, గేజీ బాగైంది. కదలకుండా సగం దగ్గరే ఉంటే చేయి ఎక్కడో ఇరుక్కుంది. మీ బండి విషయంలో ఇదే కావచ్చని నా అంచనా. తుప్పు జాలిని మూస్తున్న ట్యాంకులో ఆ చేయి మాత్రం ఎలా తిన్నగా కదులుతుంది?

వాసన నిండుగా కొట్టించినప్పుడే వస్తోందంటే లీకు ట్యాంకు పై భాగంలో ఉంది. అడుగున చిల్లు ఉంటే ఎప్పుడూ వాసన, కింద తడి రెండూ ఉండేవి. మొదట చూడాల్సింది మూతి నుంచి ట్యాంకుకు వెళ్ళే రెండు రబ్బరు పైపులు. లావుది పెట్రోల్‌కు, దాని పక్కనే సన్నది గాలి బయటికి రావడానికి. బయటనుంచి బాగానే కనిపిస్తాయి, వేళ్ళతో వంచితే సన్నటి పగుళ్ళు నోరు తెరుస్తాయి. ఇంకో ఆనవాలు: పెట్రోల్ కొట్టేటప్పుడు నాజిల్ మాటిమాటికీ "టక్" మని ఆగిపోతుంటే సన్న పైపు మూసుకుంది. నాజిల్ కొసన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, పెట్రోల్ ఎగదన్ని దాన్ని మూయగానే నాజిల్ ఆగిపోతుంది. గాలికి దారి లేకపోతే పెట్రోల్ ఎగదన్నక ఏం చేస్తుంది? పైపులు బాగుంటే సెండర్ కింది రబ్బరు రింగు, ఆ తర్వాత రెండు రేకుల అతుకు. అతుకు పొడవునా సుద్దపొడి నీళ్ళలో కలిపి పూసి, ఆరాక, ట్యాంకు నింపి ఒక గంట ఆగండి. పెట్రోల్ ఎక్కడ చెమ్మగిల్లితే అక్కడ సుద్ద నల్లబడి చార కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా ట్యాంకు తీయాల్సిందే అని తేలితే, దించకుండా పైనుంచి తీసే దారి ఒకటుంది. పికప్‌కు ఉన్న వరం ఇది, కార్లకు లేదు. వెనక తొట్టిని చాసిస్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా ఆరో ఎనిమిదో బోల్టులు. వాటిని విప్పి, మూతి దగ్గర స్క్రూలు, వెనక లైట్ల కనెక్టర్, ఎర్త్ వైరు ఊడదీస్తే నలుగురు మనుషులు తొట్టిని ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. పని జాలి, సెండర్, పై పైపులతోనే అయితే తొట్టి పూర్తిగా తీయనక్కర్లేదు. ఒక పక్క బోల్టులు తీసి, రెండో పక్కవి వదులు చేసి, తొట్టిని ఒరగదీసి గట్టి దిమ్మెలు పెట్టి చేతులు దూర్చొచ్చు. దిమ్మెలు మాత్రం పెద్దవి, రెండు చోట్ల పెట్టండి. ఆ తొట్టి జారితే చేతులు మిగలవు. కింద పడుకుని కళ్ళలో మట్టి పడుతూ, చేత్తో తడుముతూ పైపులు విప్పే బాధ తప్పుతుంది. తుప్పుపట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

కిందికే దించాలనుకుంటే ముందు ఖాళీ చేయండి. పెట్రోల్ లీటరు దాదాపు ముప్పావు కిలో. 60 లీటర్లుంటే 45 కిలోలు, పైగా అది నిలకడగా ఉండదు, జాకీ మీద ఒక పక్కకు దొర్లితే ట్యాంకు మొత్తం వాలిపోతుంది. జాకీకి ట్యాంకుకు మధ్య వెడల్పాటి చెక్క వేయండి. పట్టీలు రెండూ ఒకేసారి విప్పకుండా, కొంచెం కొంచెం వదులు చేస్తూ నాలుగైదు అంగుళాలు దించి, పై పైపులు, వైర్లు విడదీసి, అప్పుడు పూర్తిగా దించండి. పెట్రోల్ లాగడానికి చేతి పంపు వాడండి. నోటితో లాగడం చాలామంది గొప్పగా చెప్పుకుంటారు గానీ, గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలే. ఇంకో సంగతి, పెట్రోల్ నింపే డబ్బాను నేల మీద పెట్టండి. తొట్టికి ప్లాస్టిక్ లైనర్ ఉంటే దానిమీద పెట్టిన డబ్బాలో స్టాటిక్ కరెంటు పోగవుతుంది, నింపుతుండగా మంటలు లేచిన సంగతులు పికప్‌లతోనే ఎక్కువ.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఆరుబయట చేయండి. గుంటలో కాదు, మూసిన షెడ్డులో అసలే కాదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేలబారున పాకుతూ గది ఆ మూలనున్న పొయ్యినో మోటారునో వెతుక్కుంటూ పోతుంది. పాత రోజుల్లో నేను మామూలు బల్బు ఉన్న లైటు కింద పెట్టుకుని పని చేస్తుంటే, పైపులోంచి ఒక్క చుక్క జారి వేడి బల్బు మీద పడింది. బల్బు టప్పున పగిలింది. అదృష్టం బాగుండి మంట అంటుకోలేదు. ఆ రోజు సాయంత్రం దాకా చేతులు వణికాయి. తర్వాత బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ లైటు తప్ప ఇంకేదీ ట్యాంకు దగ్గరికి తీసుకుపోలేదు.

వెల్డింగ్ వద్దన్నది కూడా ఇందుకే. గాలిలో పెట్రోల్ ఆవిరి దాదాపు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి గాలి చాలదు. ఖాళీ చేసిన ట్యాంకులోనే ఆ పాళ్ళు సరిగ్గా కుదురుతాయి. అంటే ఖాళీ ట్యాంకే బాంబు. రెండు రోజులు ఎండబెట్టాం కదా అనుకుంటారు. అతుకుల్లో, తుప్పు పొరల్లో దాగిన పెట్రోల్ వెల్డింగ్ వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. ట్యాంకును రసాయనాలతో మరిగించి, లోపల గాలి లేకుండా చేసి అతికే నిపుణులు ఉన్నారు. ఆ ఏర్పాట్లు లేని చోట, ఎంత మంచి వెల్డర్ అయినా, మీ ట్యాంకు ఇవ్వకండి.

ట్యాంకు బయటికి వచ్చాక సెండర్ రింగు విప్పేటప్పుడు ఇనుప ఉలి, ఇనుప సుత్తి వాడొద్దు, నిప్పురవ్వ వస్తుంది. ఇత్తడి కడ్డీ పెట్టి చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. లోపల చూశాక మీ నిర్ణయం తేలుతుంది. పల్చటి ఎర్రటి పొర మాత్రమే ఉంటే కడిగి వాడుకోవచ్చు. పొట్టు పొట్టుగా లేస్తుంటే, ట్యాంకును తిరగేసి పట్టీలు ఆనిన చోట్ల స్క్రూడ్రైవర్ కొసతో నొక్కి చూడండి. పట్టీ కింది గుడ్డ తడి పట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే రేకును తింటుంది. నా బండికి చిల్లు దొరికింది అక్కడే, రేకు బయటికి చూస్తే రంగు కూడా పోలేదు, స్క్రూడ్రైవర్ మాత్రం అప్పడంలోకి దిగినట్టు దిగింది. అలా దిగితే ఇక ఆలోచించకండి, కొత్త ట్యాంకే. ఒక చిల్లు కనిపించిందంటే, కనిపించనివి పక్కనే పది తయారవుతుంటాయి.

కడిగే పద్ధతి నాది ఇలా ఉంటుంది. ముందు వేడి నీళ్ళు, బట్టల సబ్బు పొడితో మూడు నాలుగు సార్లు, పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా. తర్వాత సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు నిండా పోసి ఒక రోజు ఉంచుతాను, వెనిగర్ అయినా ఫరవాలేదు, ఇంకో రోజు పడుతుంది. మొండి తుప్పుకు గుప్పెడు నట్లు లోపల వేసి ఊపుతాను. లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. లోపల పెట్రోల్ తొణకకుండా అడ్డురేకులు ఉంటాయి, వాటి వెనక ఒక నట్టు ఇరుక్కుంటే ప్రతి మలుపులో అది మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటుంది. తర్వాత వంటసోడా నీళ్ళతో ఆమ్లం విరిచి, శుభ్రమైన నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యం చేస్తే కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది. ఆరగానే కొంచెం పెట్రోల్ పోసి అన్ని పక్కలా తిప్పితే ఆ పొర కొన్నాళ్ళు కాపాడుతుంది.

తుప్పునూ సన్న చిల్లులనూ కప్పేలా లోపల పూసే పూతలు, సీలర్లు, ఉన్నాయి. నాకు వాటిమీద నమ్మకం తక్కువ. తుప్పు, తడి, జిడ్డు పూర్తిగా పోతేనే అంటుకుంటుంది, ఇంట్లో అంత శుభ్రం చేయడం అరుదు. సరిగా అంటని పొర రెండు మూడేళ్ళకు చాపలా లేచి జాలికి అడ్డం పడుతుంది, వెంట్ పైపును కూడా మూసేస్తుంది. కొత్త ట్యాంకు దొరకని మోడల్ అయితే తప్ప దాని జోలికి పోకండి.

లీకు పరీక్షకు గాలి పట్టించేటప్పుడు 1 పీఎస్ఐ (చదరపు అంగుళం మీద ఒక పౌండు ఒత్తిడి) దాటొద్దు. తక్కువే కదా అనిపిస్తుంది. 60 సెంటీమీటర్లు వెడల్పు, 90 పొడవున్న ట్యాంకు పైరేకు మీద 1 పీఎస్ఐ అంటే 380 కిలోల బరువు పెట్టినట్టు. 5 పీఎస్ఐ పెడితే రెండు టన్నులకు దగ్గర. ట్యాంకు గుమ్మడికాయలా ఉబ్బి అతుకులు విడిపోతాయి. సైకిల్ పంపు రెండు మూడు సార్లు నొక్కి, సబ్బు నురుగు పూసి చూస్తే చాలు.

దారిలో చిల్లు పడి ఇంటికి చేరాలంటే గట్టి బట్టల సబ్బు ముక్కను చిల్లు మీద బాగా రుద్దండి. పెట్రోల్‌కు సబ్బు కరగదు, కొన్ని గంటలు ఆపుతుంది. ఎపాక్సీ ముద్ద కూడా అంతే, ఇంటిదాకా మాత్రమే.

బిగించేటప్పుడు పాత రబ్బరు పైపులు మళ్ళీ వేయకండి, అన్నీ కొత్తవే. పైపు మీద రాసి ఉన్న ఎస్ఏఈ (అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం) గుర్తు చూడండి. కార్బొరేటర్ బండికి జె30 ఆర్7 సరిపోతుంది. కార్బొరేటర్‌కు బదులు ప్రెషర్‌తో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండికి ఆర్9 కావాలి, దాని ప్రెషర్‌కు ఆర్7 ఆగదు. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకు ఆర్10. మామూలు పైపు బయటినుంచి కూడా పెట్రోల్ తగిలితే కొన్ని నెలల్లో ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకు లోపల పంపు ఉండే ఇంజెక్షన్ బండి వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, పైపులు విప్పేముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడపండి, లేకపోతే ముఖం మీద చిమ్ముతుంది. ఆ పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే, అందుకే ఎప్పుడూ అడుగంటించి నడిపే బండ్ల పంపులు త్వరగా పోతాయి. డీజిల్ పికప్‌లో తుప్పు కన్నా నల్లటి జిగట బురద కనిపిస్తే అది సూక్ష్మజీవుల పని, డీజిల్‌కూ అడుగునున్న నీళ్ళకూ మధ్య పెరుగుతాయి. నీళ్ళు తీసేయకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా అవి మళ్ళీ వస్తాయి.

పట్టీల కింద పాత గుడ్డకు బదులు రబ్బరు పట్టీ వేయండి, సెండర్ రింగు కొత్తది, ఎర్త్ వైరు కొత్తది. మొదట పావు ట్యాంకు పోసి చూడండి, తర్వాత నిండా పోసి, కింద శుభ్రమైన అట్టముక్క పరిచి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నే వంగి అట్ట చూడండి, వాసన చూడండి. కొత్త ఫిల్టర్ వేసినా 300 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి మార్చండి, కడగడంలో మిగిలిన పొడి ఆ ఫిల్టర్‌లో చేరుతుంది.

అన్నట్టు, మీరు తీసేసిన ఆ పాత పంపు పారేయకండి. అది బాగానే ఉండి ఉంటుంది.